తడపకూడని చేతులు

సాయంత్రం ఆరు దాటి రోడెల్ నడిపే జీప్నీ బండి గుమ్మం ముందు ఆగిందంటే, ఇంట్లో అందరూ అమ్మ అనే అర్థంలో నానాయ్ అని పిలిచే వాళ్ళమ్మ పసింగ్ అన్నిటికన్నా ముందు చేసే పని వెళ్ళి కొళాయికి అడ్డంగా నిలబడటం. కొడుకు ఎక్కడ పొరపాటున చేతులు కడిగేసుకుంటాడో అని ఆవిడ భయం. "ఆగరా, ఆ చేతులింకా కాలుతున్నాయి. కాసేపు కూర్చో" అంటుంది. రోడెల్ బుద్ధిగా కూర్చుంటాడు. పొద్దుటి నుంచి స్టీరింగు తిప్పి, గేర్లు మార్చి, సాన్ పాబ్లోకీ కలంబాకీ మధ్య మనుషుల్ని చేరవేస్తూ తిరిగి తిరిగి వచ్చిన చేతులవి. అలా వేడెక్కిన చేతుల్ని చన్నీళ్ళలో పెడితే చల్లదనం నరాల్లోకి దూరుతుంది. చేతులు వణుకుతాయి, అరచేతులకి చెమట పడుతుంది, పట్టు తప్పుతుంది. దాని పేరు పస్మా. ఆ వీధిలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. అందుకని రోడెల్ పొడిగుడ్డతో చేతులు తుడుచుకుని భోజనానికి కూర్చుంటాడు, తిన్న పళ్ళెం ఎక్కడిదక్కడ వదిలి లేస్తాడు. పదహారేళ్ళ కాపురంలో అతను ఒక్క పళ్ళెం కడిగిన పాపాన పోలేదు. బద్ధకం వల్ల కాదు, ఆరోగ్యరీత్యా.

అతని భార్య వాంజీకి మాత్రం పస్మా వచ్చే అవకాశం లేదు. ఎందుకంటే ఆమె పని చెయ్యదు. అంటే, చేస్తుంది గాని, ఇంట్లో కూర్చుని చేస్తుంది. నానాయ్ దృష్టిలో ఆ రెండూ ఒకటే.

తొమ్మిదేళ్ళుగా వాంజీ ఎక్కడో విదేశాల్లో ఉన్న డాక్టర్ల మాటల్ని టైపు చేస్తోంది. వాళ్ళు రోగిని చూసి, ఆ వివరాలన్నీ గబగబా చెప్పి రికార్డు చేసి పంపుతారు. మధ్యలో దగ్గుతారు, ఆవలిస్తారు, ఏదో నములుతారు. ఇక్కడ ఈమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నమిలిన చప్పుడు వదిలేసి, మిగతాది ఒక్క అక్షరం పోకుండా దింపుతుంది. పొద్దున ఏడింటికి మొదలు, సాయంత్రం నాలుగింటికి ఆఖరు. ఆమె ఆఫీసు ఫ్రిజ్జుకీ కిటికీకీ మధ్య ఉన్న మూడడుగుల జాగా. కుర్చీ కొంచెం వెనక్కి జరిగిందంటే పొయ్యికి తగులుతుంది. ఇంట్లో అందరికీ అది సదుపాయంగానే ఉంది, ఎందుకంటే అన్నం పొంగినప్పుడు ఆమె లేవక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు.

"ఇంట్లోనే ఉన్నావుగా" అన్న ఒక్క మాటకి ఎన్ని ఉపయోగాలో. గ్యాసు బండ వస్తుంది, ఇంట్లోనే ఉన్నావుగా. పక్కింటి వాళ్ళ పార్సిలు తీసుకో, ఇంట్లోనే ఉన్నావుగా. నానాయ్‌ని బీపీ చూపించడానికి తీసుకెళ్ళు, వర్షం వస్తే వీధి మొత్తం బట్టలు తియ్యి, కూతురు జనీనా బడిలో అమ్మల మీటింగుకి వెళ్ళు. వెళ్ళొచ్చి పోయిన గంటని ఎక్కడ పూడ్చుకోవాలో ఎవరూ చెప్పరు. ఒకసారి రోడెల్ స్నేహితుల ముందు, ప్రేమగానే, "మా ఆవిడకేం, ఎండ లేదు, పొగ లేదు, పోలీసుల గోల లేదు. ఫ్యాను కింద ఉద్యోగం. వచ్చే జన్మలో నేను ఆవిడగా పుడతాను" అన్నాడు. అందరూ నవ్వారు. వాంజీ కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని ఆ తర్వాత చాలాకాలం తనని తాను తిట్టుకుంది.

ఆమె కంపెనీకి మాత్రం ఉద్యోగుల ఆరోగ్యం మీద మహా శ్రద్ధ. నెలకో బుధవారం అరగంట సేపు కోచ్ బెలెన్ అనే ఆవిడ తెర మీద ప్రత్యక్షమై, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఒళ్ళు ఎలా కాపాడుకోవాలో చెబుతుంది. ఆవిడ వెనకాల తెల్లటి గోడ, ఒక పచ్చటి మొక్క తప్ప ఇంకేమీ ఉండవు. ఏ గదిలోంచీ ఎవరూ పిలవరు. మోచేతులు ఇలా, నడుం ఇలా, తెర కళ్ళకి సమానంగా, ముప్పావు గంటకోసారి లేచి బల్లకి దూరంగా పోవాలి, చేతులకి విశ్రాంతి ఇవ్వాలి, మనల్ని మనం ప్రేమించుకోవాలి. వాంజీ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఫోన్లో ముప్పావు గంటకోసారి పిట్ట కూసేలా అలారం పెట్టుకుంది. మొదటి కూతకి లేచి బట్టలు నానబెట్టేది. రెండో కూతకి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేది. మూడో కూతకి బట్టలు ఉతికి పిండేది. డీజిలు మరకల రోడెల్ ప్యాంట్లు నీళ్ళు తాగి మణుగు బరువుండేవి, వాటిని పిండాలంటే పళ్ళు కొరకాల్సిందే. నాలుగో కూతకి మధ్యాహ్నం గిన్నెలు. ఇలా రోజుకి పది సార్లు విశ్రాంతి తీసుకునేది పాపం.

ఒక బుధవారం కోచ్ బెలెన్ ఉషారుగా, మీ విరామంలో మీరేం చేస్తారో అందరూ రాయండి అంది. మొదట్లో వచ్చినవన్నీ మర్యాదైన జవాబులు. నీళ్ళు తాగుతాను, కిటికీలోంచి చూస్తాను, మెడ తిప్పుతాను. అంతలో దవావో అనే ఊరి నుంచి ఎవరో 'డయపర్లు ఉతుకుతాను' అని రాసింది. ఆ తర్వాత వర్షంలా కురిశాయి. గిన్నెలు తోముతాను. మామగారికి స్నానం చేయిస్తాను. కొబ్బరి కోరుతాను. పందికి కుడితి పెడతాను. 'చేపలు తోముతాను' అని రాసింది వాంజీయే. కోచ్ బెలెన్ కళ్ళు వాటి వెంట పరిగెత్తాయి. చివరికి, "చూశారా, మీరంతా ఎంత చురుగ్గా ఉన్నారో! కదలిక మంచిదే" అని, మెడ వ్యాయామంలోకి వెళ్ళిపోయింది.

వాంజీకి తిమ్మిరి మార్చిలో మొదలైంది. కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు. నిద్రలో చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేది, విదిలిస్తే కాసేపు తగ్గేది. కప్పు పట్టుకున్నాననుకునేది, అది కింద పడేది. కళ్ళు పెట్టి చూస్తే తప్ప చేతిలో ఏముందో వేళ్ళకి తెలియడం మానేసింది. వయసు ముప్పై తొమ్మిది, అలసట అయ్యుంటుందిలే అనుకుంటూ ఏప్రిల్ దాటించింది, మే దాటించింది. జూన్‌లో ఒక మంగళవారం పొద్దున ఆమె చెవిలో ఒక డాక్టరు చెప్పుకుపోతున్నాడు. స్త్రీ, నలభై ఒక్కేళ్ళు, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరి, రాత్రిళ్ళు మెలకువ వస్తుంది, విదిలిస్తే తగ్గుతుంది, వస్తువులు జారవిడుస్తోంది. వాంజీ ఆపింది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది, సరిగ్గా వినపడక కాదు. మణికట్టు దగ్గర నరం నలుగుతోంది, బొటనవేలి మొదట్లో కండ కరగడం మొదలైంది, అన్నాడు డాక్టరు. వాంజీ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఎడమచేతికి ఎత్తుగా ఉన్న చోట కుడిచేతికి చిన్న గుంట ఉంది. ఆఖర్న డాక్టరు, వృత్తి: పని చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది, అని చెప్పి పెట్టేశాడు. వాంజీ అది కూడా టైపు చేసింది, ఒక్క అక్షరం పోకుండా.

ఊళ్ళో ఆసుపత్రిలో డాక్టర్ ఇలగన్ అని చిన్న వయసావిడ చూసింది. మణికట్టు మీద వేలితో తట్టింది, తట్టినప్పుడల్లా వాంజీకి కరెంటు కొట్టినట్టయింది. టైపింగ్ ఒక్కదానివల్లే చెయ్యి ఇంతగా పాడవ్వలేదంది డాక్టరు. దానికి విశ్రాంతి దొరకాల్సిన సమయంలో మెలితిప్పి పిండటం, రుద్దడం, బరువు గిన్నెలు ఎత్తడం. రెండూ కలిసి నరాన్ని నలిపేశాయి. రాత్రిళ్ళు మణికట్టుకి పట్టీ వేసుకోవాలి. రెండు నెలలు పిండకూడదు, తోమకూడదు, బరువు ఎత్తకూడదు. "ఆ కండ పూర్తిగా పోయిందంటే ఆపరేషన్ చేసినా వెనక్కి తేలేం. బొత్తం పెట్టుకోవడం కూడా రాదు. ఇంట్లో చెప్పండి" అంది. ఇంట్లో చెప్పండి అన్న మాట కాగితం మీద రాయలేదు గాని, వాంజీకి మందుచీటీ మొత్తంలో కష్టమైనది అదొక్కటే అనిపించింది.

చెప్పింది. కాగితాన్ని ఫ్రిజ్జు తలుపుకి అయస్కాంతంతో అంటించింది కూడా. రోడెల్ అన్నం తింటూ చదివి నిజంగానే బాధపడ్డాడు. "అయితే టైపింగ్ తగ్గించెయ్యి" అన్నాడు. ఆ కాగితం మీద టైపింగ్ తగ్గించమని ఎక్కడా లేదు, పిండకూడదు తోమకూడదు అని ఉంది. అయినా ఆమె చేసే పనుల్లో తీసెయ్యదగ్గది ఏదా అని అతని కళ్ళు వెతికితే అవి నేరుగా ఆమె ఉద్యోగం మీదే ఆగాయి. అతను చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు, కూతురంటే ప్రాణం. వాంజీకి ఇదే కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే ఎక్కడ పోట్లాట మొదలుపెట్టాలో తెలిసేది.

మర్నాడు అతను కానుక తెచ్చాడు. గులాబీరంగు రబ్బరు తొడుగులు, మోచేతుల దాకా వచ్చేవి. "ఇవి వేసుకుని తోముకో. నీ చేతికి నీళ్ళే తగలవు" అన్నాడు, ముఖం వెలిగిపోతుంటే.

"మంచివే. నీళ్ళు తగలవు కదా, మరి నువ్వే వేసుకోకూడదూ?" అంది వాంజీ, నవ్వుతున్నట్టే.

రోడెల్ కూడా నవ్వుతున్నట్టే ఒక తొడుగు లాక్కుని తన వేళ్ళు దూర్చబోయాడు. సగం దాకా కూడా పోలేదు. "ఆడవాళ్ళ సైజు" అన్నాడు. నానాయ్ పక్క నుంచి, రబ్బరుకి చల్లదనం ఆగదని, లోపలికి దిగుతుందని తీర్పు చెప్పేసింది. తొడుగులు వాంజీకి సరిగ్గా సరిపోయాయి.

నానాయ్‌కి కోడలి చేతి మీద కోపమేమీ లేదు, నమ్మకమే లేదు. "కుర్చీలో కూర్చుని మీటలు నొక్కితే చేతులు పోతాయా అమ్మాయ్? చెమటైనా పట్టదే. వేడెక్కని చేతికి జబ్బెలా వస్తుంది?" అని అడిగింది, నిజంగా తెలుసుకుందామనే. ఆవిడకి జబ్బు చేతులంటే ఏమిటో బాగా తెలుసు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో పెద్దిళ్ళ వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసింది, మొదట బొగ్గుల పెట్టెతో, తర్వాత కరెంటుతో. పొద్దుట నుంచి సాయంత్రం దాకా పెట్టె తోసి ఇంటికొచ్చి, ఆ చేతుల్తోనే గిన్నెలు కడిగింది, పిల్లలకి స్నానాలు చేయించింది. ఇప్పుడు ఆవిడ కాఫీ కప్పు సగానికి మించి నింపకూడదు, నింపితే తొణికి ఒళ్ళో పడుతుంది. రెండు చేతులూ సన్నగా, ఎప్పుడూ, నిద్రలో తప్ప వణుకుతూనే ఉంటాయి. "నా తప్పేలే. ఇస్త్రీ చేసిన చేతుల్తో నీళ్ళు ముట్టుకున్నాను" అంటుంది. ముట్టుకోకపోతే ఇంకెవరు కడిగేవాళ్ళని వాంజీ ఎప్పుడూ అడగలేదు. ఆవిడ మొగుడు కూడా జీప్నీ నడిపినవాడే. ఆయన పోయేదాకా ఆయన చేతులు నిక్షేపంలా ఉన్నాయని నానాయ్ గర్వంగా చెప్పుకుంటుంది.

తొమ్మిదేళ్ళలో ఎన్ని వేల జబ్బుల పేర్లు టైపు చేసిందో వాంజీకే తెలియదు గాని, పస్మా అన్న పేరు ఏ డాక్టరు నోటా రాలేదు. ఆ మాట ఒకసారి అత్తగారితో అంది కూడా. నానాయ్ తొణకలేదు. "వాళ్ళ కొళాయిల్లో వేణ్ణీళ్ళే వస్తాయట కదా, వాళ్ళకెందుకొస్తుంది?" అంది. లేనిదాన్ని నమ్మేవాళ్ళతో పోట్లాడవచ్చు గాని, కళ్ళ ముందు వణుకుతున్న చేతులతో వాంజీ ఏం పోట్లాడుతుంది?

జూలై రెండో వారంలో ఆమె వేళ్ళు ఒక 'లేదు'ని మింగేశాయి. ఎవరో పెద్దాయనకి ఛాతీనొప్పి లేదని డాక్టరు చెబితే, ఛాతీనొప్పి ఉన్నట్టు వెళ్ళింది. వేలు మీట మీద పడిందనుకుంది, పడలేదు. తనిఖీ చేసే అమ్మాయి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. చాలా మర్యాదగా ఉత్తరం వచ్చింది, తొమ్మిదేళ్ళుగా మీ పని ఎంతో బాగుంది, ఇటీవల అంతా కులాసాయేనా, అని. వాంజీ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. అప్పుడు భయం వేసింది. ఇన్నాళ్ళూ నొప్పి వేసింది, చిరాకు వేసింది, ఏడుపొచ్చింది. భయం మాత్రం ఇదే మొదలు. ఈ ఇంట్లో తనది అంటూ ఉన్నది ఈ మూడడుగుల జాగా, ఈ రెండు చేతులు. వాటిలో ఒకటి ఆమె కళ్ళెదుటే పోతోంది. అది పోతుంటే ఆమె తొడుగులు వేసుకుని గిన్నెలు తోముతోంది.

ఆ రోజు నాలుగింటికి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాక ఆమె లేవలేదు. సింకులో మధ్యాహ్నం గిన్నెలున్నాయి, బకెట్లో బట్టలున్నాయి. చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నానాయ్ సాయంత్రపు ఫలహారం మెరియెండాకి రొట్టె, కాఫీ కోసం వచ్చి చూసింది.

"ఏం అలా కూర్చున్నావు? ఒంట్లో బాగాలేదా?"

"చేతులు కాలుతున్నాయి నానాయ్."

నానాయ్ నవ్వబోయింది. వాంజీ రెండు చేతులూ ముందుకి చాపింది. "ముట్టుకు చూడండి" అంది. ముసలావిడ వణికే వేళ్ళతో కోడలి అరచేతిని పట్టుకుంది. చెమట పట్టి ఉంది. వెచ్చగా ఉంది. తన వణుకు ఆపుకోవడానికి గట్టిగా నొక్కి పట్టుకుంటే, అప్పుడు కింది చెయ్యి వణకడం ఆవిడకి తెలిసింది. బొటనవేలి దగ్గర గుంట మీద ఆవిడ వేలు ఆగిపోయింది. అక్కడే రెండు మూడు సార్లు తిప్పి తిప్పి చూసింది, బట్టలో చిరుగెక్కడో వెతికినట్టు. కాగితాన్ని నమ్మని మనిషి చేతిని నమ్మింది.

"పస్మాయే" అంది నానాయ్ మెల్లిగా. "ఎంత కష్టపడితే ఇలా అవుతుందే తల్లీ."

వాంజీకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. తను నమ్మని జబ్బు పేరు చెప్పినందుకు ఎవరైనా ఏడుస్తారా? కానీ పదహారేళ్ళలో ఈ ఇంట్లో ఒకళ్ళు ఆమె కష్టపడిందని అనడం ఇదే మొదటిసారి. డాక్టరు చెప్పిన పేరు సరైనదే, మణికట్టూ నరమూ నిజమే, కానీ ఆ పేరు విని ఎవరూ కుర్చీలోంచి కదల్లేదు. ఈ పేరు తప్పో ఒప్పో, ఇందులో ఆమె పని ఉంది. పని చేసినవాళ్ళకి తప్ప ఈ జబ్బు ఇవ్వరు. అందుకని ఆమె ఆ పేరు పుచ్చుకుంది. నానాయ్ నూనె వెచ్చబెట్టి తెచ్చి, తన వణికే చేతుల్తోనే కోడలి చెయ్యి మర్దనా చేసింది. ఆ పూట గిన్నెలు సింకులోనే ఉన్నాయి.

రాత్రి భోజనాలు ఏడింటికల్లా అయిపోయాయి. చింతపండు పులుసులో ఉడికించిన చేప, తోటకూరలాంటి ఆకు, అన్నం. వండింది వాంజీయే, కాకపోతే చేప తోమింది జనీనా. మధ్యాహ్నంవీ ఇప్పటివీ కలిపి గిన్నెలు గుట్టగా ఉన్నాయి. రోడెల్ అలవాటుగా పళ్ళెం ముందుకి తోసి కుర్చీలో వెనక్కి వాలాడు. నానాయ్ ఇంటిపెద్దగా ప్రకటన చేసింది, వాంజీ చేతులకి పస్మా వచ్చిందని, ఇకనుంచి సాయంత్రాలు నీళ్ళు ముట్టుకోకూడదని. రోడెల్ చప్పున లేచి భార్య చెయ్యి అందుకున్నాడు. ఫ్రిజ్జు మీద నెల నుంచి ఉన్న కాగితం చెయ్యలేని పనిని అమ్మ మాట ఒక్క నిమిషంలో చేసింది. "ఎప్పటి నుంచి? ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు.

"జనీనా, లే. నువ్వు కడిగెయ్యి" అంది నానాయ్.

పదమూడేళ్ళ పిల్ల లేచింది. విసుక్కోలేదు, నేనెందుకు అనలేదు. ఇది ఎప్పటికైనా తన దగ్గరికి రావలసినదే అన్నట్టు, జుట్టు ముడేసుకుని, మేకుకి వేలాడుతున్న గులాబీరంగు తొడుగులు అందుకుంది. తన చేతులకి సెలవు దొరికిందని సాయంత్రం నుంచి సంబరపడుతోంది వాంజీ. ఆ సెలవు ఎవరి చేతుల్లోంచి వస్తోందో ఇప్పుడు కనిపించింది. తొడుగులు పిల్లకి కూడా సరిగ్గా సరిపోయాయి.

"తీసెయ్ అవి. వచ్చి కూర్చో" అంది వాంజీ.

"పర్లేదమ్మా, నేను—"

"చేప తోమినప్పటి నుంచి హోంవర్కు రాస్తూనే ఉన్నావు. నీ చేతులూ వేడిగానే ఉన్నాయి. కూర్చో."

జనీనా నానమ్మ వైపు చూసి, అమ్మ వైపు చూసి, తొడుగులు తీసి కూర్చుంది. రోడెల్‌కి ఇదంతా తమాషాగా ఉంది. "ఏంటిది, ఈ ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఒకేసారి పస్మా వచ్చేసింది? ఇక గిన్నెలు పిల్లి కడగాలన్నమాట" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నానాయ్ బల్ల మీద చెయ్యి ఆనించి తనే లేవబోయింది. "సర్లే, రెండు గిన్నెలు. నేను కడిగితే పోదూ" అంది.

వాంజీ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "మీరు కూర్చోండి నానాయ్. మీరు కడగాల్సినవి ఎప్పుడో కడిగేశారు."

ఇప్పుడు బల్ల చుట్టూ నలుగురూ కూర్చుని ఉన్నారు, మధ్యలో ఎంగిలి పళ్ళేలు ఉన్నాయి. ఈ ఇంట్లో ఇలాంటి దృశ్యం ఎన్నడూ లేదు. రోడెల్ ఒక్కొక్కరి ముఖం చూశాడు. వాళ్ళు ఏం అడగబోతున్నారో అని ముందుగానే అరచేతులు పైకెత్తి చూపించాడు. "నేనిప్పుడే బండి దిగానే వాంజీ. చూడు, ఇంకా మండుతున్నాయి."

"నీ చేతులు తడపమని ఎవరన్నారు? నీ ఆరోగ్యం నాకు ముఖ్యం కాదా?" అంది వాంజీ. ఎగతాళి చెయ్యాలనుకోలేదు ఆమె. నిజంగానే అంది. ఏం అడగాలో ఆమెకీ అప్పుడే, ఆ మాట అంటుండగానే తట్టింది. ఈ ఇంటి చట్టాన్ని ఆమె పదహారేళ్ళుగా బయట నిలబడి చూసింది, మూఢనమ్మకమని మనసులో నవ్వుకుంది, లోపలికి వెళ్ళి చదివి చూడలేదు. చదివితే అది చాలా న్యాయమైన చట్టమే. వేడి చేతుల్ని తడపకూడదంటుంది, అంతే. ఎవరి చేతులని అందులో లేదు.

"ఇప్పుడెవరూ కడగక్కర్లేదు. నీళ్ళు పోసి ఉంచుదాం, పొద్దుటిదాకా" అంది. అత్తగారి వైపు తిరిగింది. "నానాయ్, ఒక్కటి అడుగుతాను. రాత్రంతా నిద్రపోయి లేచిన చేతులు ఎలా ఉంటాయి? వేడిగానా, చల్లగానా?"

"చల్లగానే ఉంటాయి. అదేం ప్రశ్న?"

"రోడెల్ ఐదింటికి లేస్తాడు. ఐదున్నర దాకా ఇంజను వేడెక్కాలని కాఫీ తాగుతూ రేడియో వింటాడు. ఆ తర్వాత చన్నీళ్ళు బకెట్లకి బకెట్లు గుమ్మరించుకుంటాడు. పదహారేళ్ళలో ఏమీ కాలేదు. పొద్దుటి చేతుల్తో నీళ్ళు ముట్టుకుంటే పస్మా వస్తుందా?"

రోడెల్‌కి అర్థమైంది. "నానాయ్" అన్నాడు, దెబ్బ తగిలిన పిల్లాడు పిలిచినట్టు. ఇన్నేళ్ళూ ఆ గొంతు విని ఆవిడ పరిగెత్తుకొచ్చేది. ఇప్పుడు ఆవిడ కొడుకు వైపు చూడలేదు. ఒక్క అబద్ధం చాలు, వస్తుంది అంటే చాలు, ఆవిడ మాటకి ఆ ఇంట్లో అప్పీలు లేదు. వాంజీకి ఆ సంగతి తెలుసు. తెలిసే అడిగింది. తన చెయ్యి ఇప్పుడు ఆవిడ నోటిమాట మీద ఉందని, ఆవిడ ఏ మాటంటే అది అవుతుందని తెలిసి ఎదురుచూసింది. కానీ నానాయ్ ఈ చట్టాన్ని నిజంగా నమ్మిన మనిషి. నమ్మినవాళ్ళు దాన్ని తమ సౌకర్యానికి వంచలేరు.

"రాదు" అంది చివరికి.

నానాయ్ చేతులు బల్ల మీద వణుకుతున్నాయి. కుడిచేతి వణుకు ఆపడానికి ఎడమచేత్తో పట్టుకుంది, అదీ వణుకుతోంది. ఆవిడ వాటిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఏదో లెక్క తప్పిపోయి, అది ఎక్కడ తప్పిందో ఇప్పుడే దొరికిన మనిషి ముఖం అది.

"మీ నాన్న చేతులు కూడా పొద్దుటిపూట చల్లగానే ఉండేవిరా" అంది.